బడులకూ కాలువలకూ ఒకేసారి సెలవులు: సైన్స్ మ్యూజియం పెద్దలకు బహిరంగ లేఖ

గోదావరి డెల్టాలో పిల్లల కోసం సైన్స్ మ్యూజియంలు నడుపుతున్నవారికి, కొత్తగా కట్టాలని తలపెట్టినవారికి,

నమస్కారం.

ఏప్రిల్ ఆఖరి వారంలో బడులు మూస్తారు. ఇంచుమించు అవే రోజుల్లో కాలువలూ కట్టేస్తారు. జూన్‌లో రెండూ మళ్లీ తెరుచుకుంటాయి. ఏడాదంతా నీళ్ల కింద దాగి ఉండే లాకు గడపలు, తూము తలుపులు, అండర్ టన్నెళ్ల మూతులు బయటపడి కంటికి కనిపించేది సరిగ్గా పిల్లలకు తీరిక దొరికే ఆ నెలన్నరలోనే. డెల్టాలో సైన్స్ చెప్పడానికి ఇంతకంటే మంచి కాలం లేదు. అదే కాలంలో ఎండలూ ముదురుతాయి, కరెంటూ పోతుంటుంది, మ్యూజియంలో బొమ్మలూ ఎక్కువగా పాడవుతాయి. అందుకే ఈ లేఖ. మేము డెల్టా బడుల్లో సైన్స్ చెప్పేవాళ్లం, నమూనాలు తయారుచేసి రిపేర్లు చేసేవాళ్లం. మీకు పనికొచ్చే సంగతులు కొలతలతో సహా రాస్తున్నాం.

మా మనవి ఒక్కటే. సెలవుల్లో వచ్చే కుటుంబాన్ని మనసులో పెట్టుకుని మ్యూజియాన్ని సర్దండి. బడి నుంచి వచ్చే గుంపు వేరు, కుటుంబం వేరు. బడి పిల్లలు యాభైమంది ఒకే వయసువాళ్లు, వెంట టీచరుంటారు. కుటుంబమంటే ఆరో తరగతి కుర్రాడు, ఇంటర్‌లో చేరబోయే అక్క, చంకలో చంటిది, వ్యవసాయం చేసే తాతయ్య, చెరువుల మీద పనిచేసే నాన్న, పులిహోర క్యారేజీ పట్టుకున్న అమ్మ. వీళ్లందరికీ పని కల్పించాలి. తాతయ్య బెంచీ మీద కునుకు తీస్తూ, నాన్న ఫోను చూసుకుంటూ కూర్చున్నారంటే ఆ మ్యూజియం సగమే నడుస్తున్నట్టు లెక్క. వాళ్లు నోరు విప్పి మనవడికి చెప్పగలిగింది ఏదైనా ఉందంటే అది మన నీళ్ల సంగతే. అందుకని ఊరూరా ఒకేలా కనిపించే బటన్ల బొమ్మలు నలభై కొనేకంటే, డెల్టా నీటి మీద చేయిపెట్టి ఆడించే బొమ్మలు పది పెట్టి, ఆ పదీ రోజూ పనిచేసేలా చూసుకోండి.

మొదట లాకు, అంటే కాలువలో పడవను ఎత్తు నుంచి పల్లానికి దించే తలుపుల గది. కాలువ గట్టున పుట్టిన పిల్లలకు కూడా పడవ ఎత్తు నుంచి పల్లానికి ఎలా దిగేదో తెలియదు, ఎందుకంటే ఇప్పుడు సరుకు పడవలు లేవు. నాలుగడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు అక్రిలిక్ తొట్టి చేయించండి. 10 మిల్లీమీటర్ల రేకు చాలు. దాన్ని మూడు గదులు చేసి, పై గదిలో ఎనిమిది అంగుళాలు, కింది గదిలో మూడంగుళాలు నీరు నిలపండి. నడిమి గది నిండి ఉన్నప్పుడు మొత్తం 60 లీటర్లు పడుతుంది. తొట్టి బరువు కూడా కలుస్తుంది కాబట్టి స్టాండు ఇనుప యాంగిల్‌తో చేయించాలి, ప్లైవుడ్ బల్ల వంగిపోతుంది. బల్ల ఎత్తు రెండున్నర అడుగులు దాటితే ఏడేళ్ల పిల్లకు చేయి అందదు. అతుకులకు అక్రిలిక్ అంటించే ద్రవమే వాడాలి. సిలికాన్ గాజుకు పట్టినట్టు అక్రిలిక్‌కు పట్టదు, రెండు నెలల్లో ఊడి కారుతుంది. ఎక్కువ తొట్లు పాడయ్యేది ఇక్కడే.

తలుపులు జతగా ఉండాలి, ఒక్కో రెక్క ఆరున్నర అంగుళాలు. అడుగు వెడల్పుకు రెండు రెక్కలు కలిపి పదమూడు అంగుళాలంటే అవి తిన్నగా మూసుకోవు, ఎగువ నీటి వైపు మొన తిరిగి నిలుస్తాయి. కిటుకంతా అందులోనే ఉంది. ఎగువ నీరు ఎంత తోస్తే రెక్కలు ఒకదానికొకటి అంత గట్టిగా అదుముకుంటాయి, గొళ్లెం అక్కర్లేదు. రెండు పక్కలా నీరు సమానమయ్యేదాకా ఎవరూ తెరవలేరు. మన తొట్టిలో ఐదంగుళాల తేడాకే తలుపుల మీద ఐదు కిలోలకు పైగా తోపుడు పడుతుంది. అసలు లాకులో ఒక పక్క పది అడుగుల నీరు నిలిచి రెండో పక్క ఖాళీగా ఉంటే, తలుపు ప్రతి అడుగు వెడల్పు మీదా దాదాపు 1,400 కిలోలు. ఈ లెక్క తొట్టి పక్కనే రాయండి. ఒక జత తలుపుల్ని ఊడదీసి తిప్పి పెట్టుకునేలా చేస్తే ఇంకా మంచిది. మొనను దిగువకు తిప్పగానే నీటి తోపుడుకు రెక్కలు వాటంతట అవే తెరుచుకుంటాయి. ఏ వాక్యమూ చెప్పలేనిది అది చెబుతుంది.

పడవ ఒకసారి దిగితే నడిమి గది నుంచి సుమారు 16 లీటర్లు కిందికి, బల్ల కింది డబ్బాలోకి పోతాయి. వాటిని పైకి తోయడానికి చేపల తొట్టి పంపు వాడతారు. పంపు పెట్టె మీద రాసి ఉండే గంటకు ఇన్ని లీటర్లు అన్న లెక్క ఎత్తు లేనప్పటిది. మూడడుగులు ఎత్తించేసరికి అది సగానికి పడిపోవచ్చు. నిమిషంలో 16 లీటర్లు కావాలంటే గంటకు వెయ్యి, కాబట్టి రెండు వేల లీటర్ల పంపు కొనండి. పైపు మూతి ఎప్పుడూ నీటి మట్టానికి పైనే ఉండాలి. మునిగి ఉంటే కరెంటు పోయిన క్షణంలో అదే పైపులోంచి తొట్టి నీరంతా వెనక్కి లాగేసి కింది డబ్బా పొంగి హాలంతా పారుతుంది. మే నెలలో రోజుకు ఎన్నిసార్లు కరెంటు పోతుందో మీకు చెప్పనక్కర్లేదు. తొట్టి మీద ఎండ పడితే నాలుగు రోజులకే నాచు పడుతుంది, కిటికీ పక్కన పెట్టకండి. వంద లీటర్లకు అయిదు శాతం బ్లీచింగ్ ద్రవం మూడు నాలుగు మిల్లీలీటర్లు చాలు, పిల్లల చేతులు మండవు. వారంలో సెలవు రోజున తొట్టి పూర్తిగా ఖాళీ చేసి ఆరబెట్టండి. కదలని నీళ్లలో గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులే పడుతుంది, పిల్లలు వచ్చేచోట డెంగీ దోమను పెంచకూడదు.

రెండోది, ఖర్చు తక్కువైనా అందరూ నిలబడి చూసేది, వరద స్తంభం. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులు, రెండోది 13.75, మూడోది 17.75. ఈ అంకెలు డెల్టాలో ప్రతి ఇంట్లోనూ ఆగస్టులో వినపడతాయి. లోపల మేడ ఎత్తు ఉన్న హాల్లో ఒక స్తంభానికి అడుగులు గీసి ఈ మూడు గుర్తులూ పెట్టండి. నాలుగడుగుల పిల్ల దాని పక్కన నిలబడితే వాళ్ల నాన్నకు వేరే వివరణ అక్కర్లేదు. ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. ఆ కొలత నదిలో నీటిమట్టం చూపే గేజీ సున్నా నుంచి లెక్క, నేల మీద నుంచి కాదు. ఈ మాట రాయకపోతే ఊళ్లో పదిహేడు అడుగుల నీరు నిలిచిందని పిల్లలు అనుకుంటారు. పక్కనే పద్నాలుగు లీటర్ల బకెట్లు రెండు పెట్టి, ఒక సెకనులో ఈ రెండూ నిండితే ఒక క్యూసెక్కు అని రాయండి. క్యూసెక్కు అంటే 28.3 లీటర్లు. 1986 ఆగస్టు వరదలో గోదావరి ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ వరద చూసిన అమ్మమ్మ పక్కనే ఉంటుంది, మిగతాది ఆమె చెబుతుంది. మీ గైడు అక్కడ మాట్లాడకుండా ఆమెను మాట్లాడనివ్వాలి.

అక్విడక్టు, అండర్ టన్నెల్ పక్కపక్కన పెట్టదగ్గ జంట. కోనసీమలోని పి.గన్నవరం దగ్గర గోదావరి వైనతేయ పాయ మీదుగా కాలువను దాటించిన పాత అక్విడక్టుకు 49 కమానులు. ఇప్పుడు పక్కనే ఉన్న కొత్తదానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. ఒకచోట కాలువ నదిని పైనుంచి దాటుతుంది, ఇంకోచోట మురుగు కాలువ పంట కాలువ కింద దూరి అవతల తేలుతుంది. ఈ రెండోదాన్ని ఒక అంగుళం పారదర్శక పైపు రెండు మీటర్లు తీసుకుని పిల్లలే వంచి చేయవచ్చు. పైపు ఎంత లోతుకు దిగినా అవతలి మూతి ఇవతలి మూతికంటే కాస్త కింద ఉంటే నీరు పారుతుంది. మధ్యలో ఎక్కడైనా మూపురంలా పైకి లేస్తే అక్కడ గాలి చిక్కి ఆగిపోతుంది. ఆగినప్పుడే పాఠం మొదలవుతుంది కాబట్టి గైడు వెంటనే సరిచేయకూడదు. తరువాత పైపు అడుగు వంపులో గుప్పెడు ఒండ్రు వేయించండి. ప్రవాహం సన్నగిల్లుతుంది. వానాకాలంలో చేలు ఎందుకు మునుగుతాయో రైతుబిడ్డకు అక్కడ అర్థమవుతుంది. పూడికకు గుర్రపుడెక్క తోడైతే ఏమవుతుందో తాతయ్య చెబుతాడు. ఈ ఒండ్రు పంపులోకి పోకుండా దీనికి వేరే డబ్బా పెట్టుకోవాలి. ఇసుక రేణువు ఒక్కటి చాలు, చిన్న పంపు రెక్క అరిగి గోల పెట్టడానికి.

ఉప్పు బల్ల నాన్నల కోసం. రొయ్యల చెరువుల మీద పనిచేసేవాళ్లకు నీటిలో ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటరు కొత్త కాదు, కానీ వాళ్ల పిల్లలకు అందులో కన్ను పెట్టే అవకాశం రాదు. కాలువ నీరు, చెరువు నీరు, సముద్రపు నీరు మూడు సీసాల్లో పెట్టి, రెండేసి చుక్కలు వేసి చూడనివ్వండి. కాలువది సున్నా దగ్గర ఉంటుంది, సముద్రానిది 35 దగ్గర, అంటే లీటరుకు సుమారు 35 గ్రాములు. చెరువుది మధ్యలో ఎక్కడో. ప్రతి ఉదయం డిస్టిల్డ్ వాటరుతో సున్నాకు సరిచేయాలి. చూసిన ప్రతిసారీ మెత్తటి గుడ్డతో తుడవాలి, లేకుంటే ముందటి చుక్కలోని ఉప్పు తరువాతివాళ్ల లెక్కలో కలుస్తుంది. సీసాలకు మూత లేకపోతే ఎండకు నీరు ఆవిరై సాయంత్రానికి అంకె పెరుగుతుంది. ఒక సీసాను కావాలనే మూత తీసి ఉంచితే, ఎండాకాలం చెరువులో ఉప్పు ఎందుకు పెరుగుతుందో కూడా అదే చెబుతుంది.

జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరంలో పుట్టారు. మ్యూజియంలో ఆయన ఫొటో, దండ ఉంటే చాలదు. 1925లో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి ఆయన చెప్పిన ఫాస్ఫేటు పరీక్షను చూపించండి. ఫాస్ఫేటు ఎంత ఉంటే నీలం అంత ముదురుతుంది. మూడు గాజు గొట్టాల్లో కాలువ నీరు, డీఏపీ గింజ కరిగిన నీరు, దాన్నే బాగా పలచన చేసినది పెడితే చాలు. డీఏపీ బస్తా మోసినవాళ్లకు ఆ రంగు అర్థమవుతుంది. ఇందులో యాసిడ్ ఉంటుంది కాబట్టి గాజు పలక వెనుక మీ మనిషే చేయాలి. ఆ నీలం నిలకడగా ఉండదు, ఏ పూటకాపూట కొత్తగా కలపాలి. నిన్నటి గొట్టాలు చూపిస్తే లెక్క తప్పు చెప్పినట్టవుతుంది.

కొనవద్దని మేము గట్టిగా చెప్పేది ఒకటుంది, జుట్టు నిక్కబొడిపించే పెద్ద వాన్ డీ గ్రాఫ్ యంత్రం. కేటలాగులో ముచ్చటగా ఉంటుంది. కానీ మన గాలిలో తేమ ఎక్కువ. తేమ బెల్టు మీదా, స్తంభం మీదా కంటికి కనబడని పొరలా పట్టి విద్యుదావేశం దాని మీదుగా కారిపోతుంది. హైదరాబాదులో బాగా ఆడే యంత్రం కాకినాడలో ఊరకే తిరుగుతుంది. ఇప్పటికే కొని ఉంటే ఏసీ గదిలో పెట్టి, ప్రదర్శనకు ముందు బెల్టును పది నిమిషాలు హెయిర్ డ్రయ్యరుతో ఆరబెట్టి, గోళాన్ని పొడి గుడ్డతో తుడిచి, గదిలో ఒకేసారి ఇరవైమందికి మించకుండా చూడండి. జనం ఎక్కువైతే వాళ్ల చెమట, ఊపిరే గదిని తేమ చేస్తాయి. సముద్రం దగ్గర ఉన్న మ్యూజియంలలో బటన్ల లోపలి రాగి పలకలు పచ్చబడి కరెంటు అందదు. స్క్రూలు స్టెయిన్‌లెస్‌వి వేయించండి. పిల్లలు తడి చేతులతో ముట్టుకునే ప్రతి బల్లకూ ఎర్తింగు, కరెంటు కారగానే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చి ఉండి తీరాలి. నీళ్ల బొమ్మలన్నింటికీ 12 వోల్టుల పంపులైతే మరీ మంచిది.

దమ్మిడీ ఖర్చు లేని ప్రదర్శన ఒకటి ఆకాశం ఇస్తోంది. మే నెలలో ఒక మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిలువు కర్రకు నీడ ఉండదు. అమలాపురం, భీమవరం వైపు మే 6 దరిదాపుల్లో, రాజమహేంద్రవరం, కాకినాడల్లో మే 8 దరిదాపుల్లో. మన గడియారాలు నడిచే 82.5 డిగ్రీల రేఖ కాకినాడకు కొంచెం తూర్పున సముద్రం మీదుగా పోతుంది కాబట్టి మనకు ఆ క్షణం పన్నెండుకు మూడు నిమిషాల లోపు తేడాలోనే వస్తుంది. ఆగస్టు మొదటి వారంలోనూ వస్తుంది గాని అప్పుడు మబ్బు. మే నెలదే నమ్మకం. అడుగు పొడవు పీవీసీ గొట్టం చాలు, నాలుగంగుళాలది. బల్లను లెవెల్ గొట్టంతో, నిలువును తాపీమేస్త్రి గుండుదారంతో సరిచూడాలి. ఒక్క డిగ్రీ ఒరిగినా అయిదు మిల్లీమీటర్ల నీడ పడి జనం పెదవి విరుస్తారు. నాలుగు నిమిషాలు ఆలస్యమైనా అంతే నీడ. అందుకని పదకొండు ముప్పావుకే జనాన్ని ఆరుబయటికి తెచ్చి, టోపీలు గానీ తలగుడ్డలు గానీ పెట్టించి, పన్నెండుంపావుకల్లా లోపలికి పంపేయాలి. మే ఎండలో అంతకుమించి నిలబెట్టడం మంచిది కాదు.

ఎండ మాట వచ్చింది కాబట్టి రోజు ఎలా నడవాలో చెబుతాం. కోనసీమ నుంచి రాజమహేంద్రవరం బస్సు రెండు గంటల పైమాటే. ఏడింటికి బయల్దేరినవాళ్లు తొమ్మిదిన్నరకు మీ గేటు దగ్గర ఉంటారు. టిక్కెట్టు కిటికీ పదిన్నరకు తెరిస్తే ఆ గంటా చంటిపిల్లలు ఎండలో ఉంటారు. సెలవుల నెలన్నర మాత్రం తొమ్మిదికే తెరవండి. గంటన్నర చూస్తే ఎనిమిదేళ్ల పిల్లకు కాళ్లు లాగుతాయి, ఆ తరువాత చూపించేది తలకెక్కదు. కాబట్టి తొలి గంటన్నరలో నీళ్ల బొమ్మలు, నీడ మాయమయ్యే రోజైతే తరువాత ఆ ప్రదర్శన, ఆపైన భోజనం, భోజనమయ్యాక చీకటి గదిలో నక్షత్రాల ప్రదర్శన. నక్షత్రాల గదిలో నాలుగేళ్ల లోపువాళ్లు ఏడుస్తారు. తలుపు పక్క వరుస వాళ్లకు కేటాయిస్తే తల్లి బయటికి రావడం తేలిక.

భోజనానికి చోటు ఉండాలి. క్యారేజీలు లోపలికి తేకూడదంటే న్యాయమే, కానీ అప్పుడు ఫ్యాన్లున్న షెడ్డు, కడుక్కోవడానికి కుళాయిలు, చాపలు మీరే ఇవ్వాలి. పులిహోర, పెరుగన్నం తెచ్చుకున్న కుటుంబాన్ని క్యాంటీను చిప్సు కొనమనడం తగదు. మరుగుదొడ్లు ఆడవాళ్లవి మగవాళ్లకంటే ఎక్కువుండాలి. చంటిపిల్లకు పాలివ్వడానికి ఒక గది ఉండాలి. ఇవి లేనిచోట తల్లులు పదకొండింటికే ఇంటిదారి పడతారు. అంటే పిల్లలూ వెళ్లిపోతారు.

పలకల మీద రాతల సంగతి. తెలుగు అక్షరాలకు కింద వత్తులు, పైన గుణింతాలు ఉంటాయి, ఇంగ్లీషు పలకకు వేసిన వరుసల ఎడం మన లిపికి చాలదు. వరుసకూ వరుసకూ మధ్య అక్షరం ఎత్తుకు ఒకటిన్నర రెట్లు ఎడం పెట్టండి. పలక అడుగు అంచు నేలకు మూడడుగుల లోపు ఉండాలి. అరవై మాటలు దాటితే నిలబడి ఎవరూ చదవరు. మాటలు మన మాటలే వాడండి. తూము, బోదె, లాకు, మురుగు కాలువ, శివారు భూమి, వంతు. నిఘంటువు తెరిచి జలబంధకం, అధఃప్రవాహిక అని రాస్తే చదవగలిగిన మనవడికీ అర్థం కాదు, విషయం తెలిసిన తాతయ్యకూ అర్థం కాదు.

పెద్ద వస్తువులు లేవని బాధ అక్కర్లేదు. హైదరాబాదు బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టిన కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం 44 అడుగుల పొడవు. అది దొరికింది ప్రాణహిత గోదావరి లోయలో, యామన్‌పల్లి దగ్గర. మన నది ఎగువన దొరికిన జంతువు అది. మీ వరండా నేల మీద 44 అడుగుల బొమ్మ గీయించి ఆ సంగతి రాయండి. తోక నుంచి తలదాకా పిల్లలు అడుగులు లెక్కపెట్టుకుంటూ నడుస్తారు.

సాయంత్రం నాలుగున్నర దాటాక ధవళేశ్వరం చూడమని కుటుంబాలకు మీరే చెప్పండి, ఒక చిన్న పటం అచ్చువేసి ఇవ్వండి. 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్ట ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలు, మధ్యలో లంకలు. కాటన్ దొర పేరు అందరికీ తెలుసు. ఆయన పక్కన నిలబడి పని నడిపించిన వీణం వీరన్నగారి పేరు కూడా పటం మీద ఉండాలి. ఇప్పుడున్న బ్యారేజీకి 175 గేట్లు. వేసవిలో దిగువన రాళ్లు తేలి కనిపిస్తాయి, మధ్య మధ్య మడుగులుంటాయి. పైకి మోకాలి లోతులా ఉండి అడుగు అందదు, రాళ్లకు నాచు. దిగవద్దని పటం మీద ఎర్ర అక్షరాలతో రాయండి, గైడు నోటితో కూడా చెప్పాలి. లాకు నమూనాలో తలుపులు ఆడించిన పిల్లలకు ఎండిన కాలువలో అసలు లాకు తలుపుల మొన ఎటు ఉందో గట్టు మీద నుంచే కనిపెట్టమనండి. పొద్దుటి పాఠం వాళ్లకు వచ్చిందో లేదో అక్కడే తెలిసిపోతుంది.

గైడులుగా ఐటీఐ, డిగ్రీ చదివే డెల్టా పిల్లలనే సెలవులకు పెట్టుకోండి. పాతికమందికి ఒకరు. రెండు రోజుల శిక్షణలో వాళ్లకు నేర్పాల్సింది ఉపన్యాసం కాదు. ఏమవుతుందనుకుంటున్నావని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగడం నేర్పాలి. బొమ్మలు కొనడానికి పెట్టిన ప్రతి పది రూపాయలకూ ఏటా ఒక రూపాయి రిపేర్లకు పక్కన పెట్టాలని మా లెక్క. పాడైన బొమ్మకు ‘పనిచేయడం లేదు’ అని చీటీ అంటించి నెలలు వదిలేయకండి, ఆ సాయంత్రమే హాల్లోంచి తీసేయండి. మూడు చచ్చిన బొమ్మలు వరసగా కనిపిస్తే పిల్లలు నాలుగోదాన్ని ముట్టుకోరు. పంపులు రెండు, తలుపు రబ్బర్లు నాలుగు జతలు, బటన్లు ఇరవై ఎప్పుడూ అలమరాలో ఉండాలి. రబ్బర్లు ఏటా గట్టిపడతాయి, వాటిని మార్చే పని మార్చి నెలలో, ఒంటిపూట బడులు మొదలయ్యేలోపే అయిపోవాలి. తొట్టి కొలతల కాగితం, తలుపుల అచ్చు కావాలన్నవారికి మేము ఇస్తాం, మొదటిసారి నీళ్లు నింపే రోజున వచ్చి పక్కన నిలబడతాం.

ఇట్లు,
డెల్టా బడుల సైన్స్ టీచర్లు, నమూనాల వర్క్‌షాపు పనివారు